ఆగండి టీచరు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఏళ్ళ కిందట మేడ మీద గదిలో టైపు నేర్పింది కాబట్టి టీచరు. టైపు మిషన్లు మూలపడ్డాక అదే గదిలో కంప్యూటర్లు బాగుచేయడం మొదలుపెట్టి, ఏ మీట నొక్కబోయినా ముందు అరచెయ్యి పైకెత్తి "ఆగండి" అంటుంది కాబట్టి ఆగండి టీచరు. ఎదురుగా మనుషులు లేకపోయినా అంటుంది. తన చేతికి తనే చెప్పుకుంటుంది. తర్వాత స్క్రీన్ మీదున్న ప్రతి మాట కిందా వేలు పెట్టి, పైకి చదివి, అప్పుడు గానీ నొక్కదు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి కూడా అదే జవాబు, అదే అరచెయ్యి.

తొందరలో వచ్చినవాళ్ళకి ఈవిడ వరస చూస్తే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఈవిడ మీనమేషాలు లెక్కపెట్టే లోపు కొత్త కంప్యూటరే కొనుక్కోవచ్చని గొణుక్కుంటూ మెట్లు దిగిపోయినవాళ్ళున్నారు. వాళ్ళలో సగం మంది వారం తిరక్కుండా అవే మెట్లు మళ్ళీ ఎక్కారు. ఎక్కక చస్తారా? అంత భయంతో, అంత శ్రద్ధగా పనిచేసే మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకరు లేరు.

ఆ రోజు ఉదయం పదకొండున్నరకి ఫోన్ మోగింది. అవతల లైబ్రరీ ఆవిడ. గ్రంథాలయంలో ముప్పై నాలుగేళ్ళు పుస్తకాలకు నంబర్లు వేసి, బీరువాల్లో సర్ది, రిటైరైన మనిషి. గొంతు పెంచి మాట్లాడటం ఆవిడకి చేతకాదు. ఆ రోజు పెంచింది. తన భర్త ల్యాప్‌టాప్ లేవట్లేదనీ, స్క్రీన్ నల్లగా ఉందనీ, లోపల టక్కుటక్కుమంటోందనీ చెప్పింది. టీచరు ఫోన్‌ను దాని పక్కన పెట్టమని విన్నది. మూడు టక్కులు, కాస్త విరామం, మళ్ళీ మూడు టక్కులు. హార్డ్ డిస్క్ ప్రాణం పోయేటప్పుడు చేసే చప్పుడు అది. ఇంక దాని మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

ఎప్పటికి కావాలని అడిగింది టీచరు, రేపో ఎల్లుండో అంటారనుకుని.

"మూడుముప్పావుకి," అంది లైబ్రరీ ఆవిడ. "ఇవాళే. నాలుగింటికి మా వదినగారిని ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నారు."

 ఆ ల్యాప్‌టాప్‌లో ఏముందో టీచరుకి తెలుసు. అందులో ఉన్నది లైబ్రరీ ఆవిడ భర్త గొంతు.

ఆయన బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో, ఎన్నింటికి కదులుతుందో ముప్పై ఒక్క ఏళ్ళు మైకులో చెప్పాడు. బస్సు కదులుతుంటే మూటలతో పరిగెత్తుకొచ్చేవాళ్ళు తన కిటికీలోంచి కనిపిస్తే, డ్రైవర్ని మైకులోనే ఆపేవాడు. పైనుంచి మందలింపులు వచ్చేవి. వాటిని చెవిన వేసుకున్న పాపాన పోలేదు. మూడేళ్ళ కిందట అదే గొంతులో గడ్డ లేచింది. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు. నెల రోజుల గడువిచ్చారు. ఆ నెలా ఆయన పడకగది గోడలకి దుప్పట్లు కొట్టుకుని, లోపల కూర్చుని, ఒక కంపెనీవాళ్ళిచ్చిన పదహారు వందల వాక్యాలు రోజుకి కొన్ని చొప్పున చదివి రికార్డు చేశాడు. వాటి నుంచి వాళ్ళు ఆయన గొంతును తయారుచేసి ఆ ల్యాప్‌టాప్‌లో పెట్టారు. టైపు చేస్తే అది పలుకుతుంది. ఒత్తులతో సహా ఆయనే.

తర్వాత ఏడాదిన్నరకి ఆ కంపెనీ మూతపడింది. రికార్డింగులు వాళ్ళతోనే పోయాయి. ప్రోగ్రాం ఆ ఒక్క ల్యాప్‌టాప్‌కి ముడిపెట్టి ఉంది. తీసి మళ్ళీ ఎక్కించే దారి లేదు. ఆ సంగతి ముందే పసిగట్టిన టీచరు సరిగ్గా ఏడాది కిందట వాళ్ళింటికి వెళ్ళి, ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా, ప్రోగ్రాములూ, సెట్టింగులూ, గొంతూ, ఉన్నదున్నట్టు ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి సిస్టమ్ ఇమేజ్‌గా తీసిపెట్టింది. డ్రైవ్ మీద చీటీ కూడా అంటించింది: దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు.

ఇక ఆపరేషన్‌కి వెళ్ళబోతున్న మనిషి అనౌన్సరు గారి అక్క. డెబ్భై ఎనిమిదేళ్ళు. పుట్టుకతో చూపు లేదు. తల్లి పోయాక తమ్ముణ్ణి ఒంటిచేత్తో పెంచింది. ఒకప్పుడు అదే బస్టాండుకి వచ్చి, ఏ బస్సూ ఎక్కకుండా, లౌడ్‌స్పీకరు కింద బెంచీ మీద గంటసేపు కూర్చుని వెళ్ళేదట. ఆవిడకి ఉత్తరం రాస్తే చదవలేదు, వీడియోలో చెయ్యి ఊపితే కనపడదు. ఆవిడకి తమ్ముడంటే గొంతే. కొన్నేళ్ళుగా కొడుకు దగ్గర, పగలూ రాత్రీ ప్రయాణం చేస్తే గానీ చేరలేనంత దూరంలో ఉంటోంది. గుండె ఆపరేషన్ అని నిన్న సాయంత్రమే తేల్చారు. తమ్ముడి మాట వినకుండా లోపలికి రానని ఆవిడ పట్టుబడితే, మూడుముప్పావుకి ఫోన్ చెవి దగ్గర పెడతానని నర్సు మాటిచ్చింది.

టీచరు షాపులో ఉన్న కొత్త డిస్కులన్నీ చిన్నవి. ఇమేజ్ ఏ డిస్క్ నుంచి తీశారో, ఎక్కించే డిస్క్ కనీసం అంత పెద్దదై ఉండాలి. ఇసుమంత తక్కువైనా అది ఎక్కనంటుంది. పెద్దది కావాలంటే విడిభాగాల దుకాణం రేపటికి గానీ తెప్పించదు. టీచరు గదిలో నాలుగు అడుగులు అటూ ఇటూ వేసింది. తర్వాత తన సొంత ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పి, అందులోని డిస్క్ ఊడబీకి, చేతిసంచిలో వేసుకుంది. పదేళ్ళుగా ఆవిడ రాసుకున్న మరమ్మతు నోట్సు, పాత విద్యార్థుల ఫోటోలు అందులో ఉన్నాయి. నోట్సుకి ఇంట్లో నకలుంది. ఫోటోలకి ఉందో లేదో గుర్తురాలేదు. గుర్తుతెచ్చుకోవడానికి కూర్చోలేదు.

వాళ్ళింటికి చేరేసరికి పన్నెండుంబావు. ఎప్పుడు వెళ్ళినా అనౌన్సరు గారు తెల్లబోర్డు పలక మీద "ఆగండి" అని పెద్దక్షరాలతో రాసి, గుమ్మంలో పట్టుకుని నిలబడతాడు. అది ఆయన పలకరింపు. ఇవాళ పలక ఖాళీగా ఉంది. ఆయన గొంతు దగ్గర కట్టుకున్న గుడ్డను సర్దుకుంటూ, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా, ల్యాప్‌టాప్ వైపు చూపించాడు.

గది ఇంకా అలాగే ఉంది. గోడల మీద దుప్పట్లు తీసేశారు గానీ మేకులు మిగిలాయి. టీచరు కిటికీ దగ్గర బల్ల మీద తెల్ల కాగితం పరిచి, ల్యాప్‌టాప్ ఆకారం గీసి, విప్పిన ప్రతి మరనూ కాగితం మీద దాని చోటనే పెట్టింది. పాత డిస్క్ తీసింది, తనది బిగించింది. అరగంట పట్టింది. పెన్ డ్రైవ్ పెట్టి లేపితే స్క్రీన్ వెలిగింది. అందరి ముఖాలూ కాస్త తేటపడ్డాయి. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తగిలించి, "ఆగండి" అని, వేలు పెట్టి చదివి, సిస్టమ్ ఇమేజ్ నుంచి తిరిగి ఎక్కించమని చెప్పింది.

స్క్రీన్ కాసేపు ఆలోచించింది. తర్వాత ఈ కంప్యూటరుకి సిస్టమ్ ఇమేజ్ ఏదీ దొరకలేదంది.

టీచరు డ్రైవ్ వైపు చూసింది. డ్రైవ్ లైటు వెలుగుతోంది. కేబుల్ తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ వెతికించింది. మళ్ళీ అదే మాట. ఏడాది కిందట తన చేతులతో తీసిన ఇమేజ్. తీశాక సరిచూసుకుంది కూడా. కళ్ళకి కనిపించే డ్రైవ్‌లో లేకుండా ఎలా పోతుంది? పోతే మటుకు ఆ గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. వెనక కుర్చీ కిర్రుమంది. ఆవిడ వెనక్కి తిరగలేదు. ఆయన ముఖం చూసే ధైర్యం లేదు.

నల్ల తెర తెరిచి, డ్రైవ్‌లో ఏమేమున్నాయో చూపించమని టైపు చేసింది. టపటపా వరసలు దిగాయి. అన్నీ నంబర్లు. సున్నా వందలు, రెండు వందలు, ఎనిమిది వందలు, తొమ్మిది వందల ఇరవై.

"అమ్మా," అంది టీచరు, చాలా నెమ్మదిగా. "ఈ డ్రైవ్ ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవరూ ముట్టుకోలేదు టీచరూ. నేనే ఒకసారి సర్దాను, అంతే."

సర్దిందట! అందులో చాలా ఖాళీ ఉండటం చూసి ఇంట్లోవాళ్ళ ఫోటోలు, పాత ఉత్తరాల స్కానులు కూడా అందులో పెట్టుకుంది. పెట్టుకున్న మనిషి ఊరుకుంటుందా? చేతులు దురద పెట్టి, పుస్తకాలకు వేసినట్టు అన్నిటికీ నంబర్లు వేసింది. ఈ ఇమేజ్ ఫోల్డర్ యంత్రాలకు సంబంధించినది కాబట్టి దాన్ని ఆరు వందల్లోకి చేర్చింది. చెరపలేదు, పారెయ్యలేదు, ముట్టుకోలేదు. ఇమేజ్ ఫోల్డర్ డ్రైవ్ గుమ్మంలోనే ఉండాలనీ, లోపలి గదిలోకి జరిపితే రీస్టోర్ ప్రోగ్రాం దాన్ని వెతుక్కోలేదనీ ఆ మహాతల్లికి ఎవరు చెప్పారు? టీచరు చెప్పలేదు. ముట్టుకోవద్దని రాసింది గానీ సర్దవద్దని రాయలేదు.

ఆరు వందల్లో ఫోల్డర్ కనిపించింది. టీచరు "ఆగండి" అని, అక్షరం అక్షరం సరిచూసుకుని, దాన్ని ఎత్తి మొదటి చోటుకి తెచ్చింది. ఒక్క క్షణంలో వచ్చేసింది. మళ్ళీ వెతికించింది. మళ్ళీ దొరకలేదంది. టైము ఒంటిగంటా పది.

ఫోల్డర్ లోపలికి వెళ్ళి చూసింది. పెద్ద ఫైళ్ళు ఉన్నాయి. ఒక చిన్నది, పదహారు అక్షరాలంత ఫైలు, ఉండాల్సిన చోట లేదు. ఇది నా ఇమేజే అని ప్రోగ్రాం గుర్తుపట్టే ఆనవాలు అది.

"ఇందులోంచి ఏమైనా బయటికి తీశారా అమ్మా? చిన్నది. ఏమీ లేనట్టే ఉంటుంది."

లైబ్రరీ ఆవిడ ముఖం పాలిపోయింది. కళ్ళు మూసుకుంది. ముప్పై నాలుగేళ్ళు పుస్తకం అడగ్గానే బీరువా చెప్పిన మనిషి. పెదవులు కదిలాయి. "దాని మీద ఏ రకమో రాసి లేదు. ఎక్కడ పెట్టాలో తెలియక... ఉండండి. తొమ్మిది వందల తొంభై తొమ్మిది. వర్గం తేలనివి. అందులో మూడోది."

టీచరు వెళ్ళి చూసింది. మూడోదే. ఆవిడ మీద కోపం ఎంత వచ్చిందో, దండం పెట్టాలని కూడా అంతే అనిపించింది. పారెయ్యడం తెలియని మనుషుల వల్ల చిక్కులు వస్తాయి గానీ, నష్టం రాదు. ఫైలును దాని చోట చేర్చి మూడోసారి వెతికించింది. ఏడాది కిందటి తేదీతో ఇమేజ్ స్క్రీన్ మీద నిలబడింది.

ఆ తర్వాత వచ్చింది అసలు గుమ్మం. డిస్కులు ఫార్మాట్ చెయ్యబడతాయి, వాటిలోని సమాచారమంతా చెరిగిపోతుంది, కొనసాగించాలా? టీచరు వేలు ఆ వాక్యం కింద నడిచింది. పైకి చదివింది. "ఆగండి" అంది. చెయ్యి నిజంగానే ఆగిపోయింది.

పద్దెనిమిదేళ్ళ కిందట ఇదే ప్రశ్నని చదవకుండా నొక్కింది. అది సొంత తమ్ముడి కంప్యూటరు. వాడు చెరువుల దగ్గర పక్షుల్ని లెక్కపెట్టేవాడు. నాలుగేళ్ళు, తెల్లవారకముందే లేచి, ఏ చెరువులో ఏ పిట్టలు ఎన్నున్నాయో చూసి రాసుకుని, ఇంటికొచ్చి కంప్యూటర్లోకి ఎక్కించి, కాగితం చింపేసేవాడు. ఆ లెక్కలున్న డ్రైవ్ పక్కనే తగిలించి ఉంది. అక్క కదా, పని తెలిసిన మనిషి కదా అని వాడు బయట నిలబడ్డాడు. టీచరు డిస్కులన్నీ అన్న మాటని చూడకుండా నొక్కేసింది. పని చెడటానికి నాలుగు నిమిషాలు పట్టింది. వాడు అరవలేదు. పోనీలే అక్కా అన్నాడు. అరిచినా బాగుండేది. పదకొండు నెలలు మాట్లాడలేదు. తర్వాత ఒక రోజు తనే ఫోన్ చేసి, "ఏమైనా చెరిపావా ఇవాళ?" అన్నాడు. అప్పటినుంచీ వాడి ప్రతి ఫోనూ ఆ మాటతోనే మొదలవుతుంది. ఆవిడ ప్రతిసారీ నవ్వుతుంది. ప్రతిసారీ ముల్లు దిగుతుంది. పక్షుల ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తరు.

ఇప్పుడు అదే ప్రశ్న. తగిలించిన పెన్ డ్రైవ్ తీసేసింది. మిగిలినవి రెండే: లోపల తన డిస్క్, బయట ఇమేజ్ ఉన్న డ్రైవ్. జాబితా రెండుసార్లు చదివింది, మూడుసార్లు చదివింది. బయటి డ్రైవ్ ఫార్మాట్ జాబితాలో లేదు. లేదని తెలుసు. అయినా వేలు దిగడం లేదు. పక్కన పలక మీద మార్కరు కీచుమంది. అనౌన్సరు గారు పలక ఆవిడ ముందుకి జరిపాడు. వంకరటింకర అక్షరాలు.

"మీరు చదివారు. నేనూ చదివాను. నొక్కండి."

నొక్కింది. టైము ఒంటిగంటా ముప్పై ఐదు.

పచ్చగీత కదిలింది. టీచరు ఊపిరి వదలబోయేంతలో ఎక్స్‌టర్నల్ డ్రైవ్ లైటు మిణుకుమంది. కేబుల్ దూరే కన్ను వదులైంది. ఇందాక పీకి పెట్టడంలో మరీ వదులై ఉంటుంది. ఒక్కసారి ఊడితే సగం ఎక్కిన ఇమేజ్ చెత్తబుట్టకే, మళ్ళీ మొదటినుంచి. అంత టైము లేదు. టీచరు బొటనవేలితో కేబుల్‌ను కన్నులోకి అదిమి, మోచెయ్యి బల్లకి ఆనించి, బిగుసుకుపోయింది. లైటు నిలకడగా వెలిగింది. వేలు సడలిస్తే మిణుకుతోంది. కాబట్టి సడలించే ప్రశ్నే లేదు.

నూట పది నిమిషాలు పడుతుందని చూపించింది స్క్రీన్. నూట పది నిమిషాలు ఒక మనిషి ఒక వైరు పట్టుకుని కూర్చోవడం చెప్పుకోవడానికి తేలికే. పది నిమిషాలకి బొటనవేలు మొద్దుబారింది. అరగంటకి భుజం లాగేసింది. గంటకి ముక్కు మీద దురద మొదలైంది. చెయ్యి మార్చుకోవడానికి వీల్లేదు. అడగడానికి మొహమాటం. చివరికి లైబ్రరీ ఆవిడ కనిపెట్టి, ఏమీ అనకుండా వచ్చి, పుస్తకం అట్ట మీద దుమ్ము తుడిచినంత శ్రద్ధగా ముక్కు గోకింది. అనౌన్సరు గారు పలక మీద రాసి చూపించాడు: ప్లాట్‌ఫారం నంబరు ఒకటి, ముక్కు వైపు. ఆ ఇంట్లో పొద్దున్నుంచి అదే మొదటి నవ్వు. టీచరు నవ్వకుండా పళ్ళు బిగబట్టింది. నవ్వితే వేలు కదులుతుంది.

నవ్వు చూసి లైబ్రరీ ఆవిడకి కాస్త ధైర్యం వచ్చి, కిందటేడాది సంగతి ఎత్తింది. ఇమేజ్ తీసిన రోజు టీచరు చెయ్యి ఎత్తినప్పుడల్లా, ఆవిడ నోరు తెరిచేలోపే ల్యాప్‌టాప్ "ఆగండి" అని అరిచేది. గొంతు ప్రోగ్రాంలో అడుగున ఎనిమిది మీటలు ఉంటాయి. మాటిమాటికీ టైపు చెయ్యనక్కర్లేకుండా అవును, వద్దు, మంచినీళ్ళు లాంటివి వాటికి పెట్టుకోవచ్చు. ఎనిమిదో మీటకి ఆయన టీచరు మాటని పెట్టాడు. అదీ మామూలుగా కాదు, బస్టాండులో కదిలే బస్సును ఆపే ఫక్కీలో. ఆ రోజు టీచరు ఉలిక్కిపడి, తిట్టి, నవ్వి, పని పూర్తిచేసింది. తర్వాత నెలకి పార్సిల్ తెచ్చినాయన ఆ కేకకి గుమ్మంలో పెట్టె జారవిడిచి గాజు సామాను పగలగొట్టేసరికి, లైబ్రరీ ఆవిడే గొడవ పెట్టి ఆ మీటను తీయించింది.

మూడింటికి గీత ముప్పాతిక దాటింది. ఆ తర్వాత అక్కడే నిలబడింది. మూడుంబావు. అనౌన్సరు గారు లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. లోపల ఆయన ఊపిరి గొంతు దగ్గరి రంధ్రంలోంచి ఈలగా వస్తోంది. టీచరు చెయ్యి భుజం నుంచి తనది కానట్టుంది. వేలు అక్కడుందో లేదో కళ్ళతో చూసి తెలుసుకోవాల్సి వస్తోంది. మూడు ఇరవై ఎనిమిదికి గీత కదిలింది. మూడు ముప్పై మూడుకి నిండింది. రీస్టోర్ పూర్తయిందని, మళ్ళీ మొదలుపెడుతున్నానని చెప్పి స్క్రీన్ నల్లబడింది.

నల్లగానే ఉంది. ఒక నిమిషం. రెండు.  మూడో నిమిషానికి స్క్రీన్ మీద వెలుగు వచ్చింది. ఏడాది కిందటి గోడబొమ్మ, ఏడాది కిందటి ఫైళ్ళు, ఎక్కడివక్కడ. టీచరు అప్పుడు గానీ వేలు తియ్యలేదు. తీస్తే అది నిటారుగా రాలేదు.

గొంతు ప్రోగ్రాం నొక్కారు. అనుమతి సరిచూస్తున్నానంది. చక్రం తిరుగుతోంది.

ఫోన్ మోగింది. మూడు నలభై ఒకటి.

లైబ్రరీ ఆవిడ ఎత్తి స్పీకర్లో పెట్టింది. నర్సు. డాక్టరు గారు ముందే వచ్చేశారని, ఇప్పుడే లోపలికి తీసుకెళ్తున్నామని చెప్పింది. లైబ్రరీ ఆవిడ ఒక్క నిమిషం, ఒక్క నిమిషమని బతిమాలింది. నర్సు గొంతులో జాలి ఉంది గానీ ఆగే వీలు లేదు. మంచం చక్రాల చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు వెనక, సన్నగా, ఒక ముసలి గొంతు అడుగుతోంది. "చిన్నోడు ఏడీ? వాడి మాట ఏదీ?"

చక్రం ఆగింది. ప్రోగ్రాం తెరుచుకుంది. తెల్ల గడి, అడుగున ఎనిమిది మీటలు. అనౌన్సరు గారు టైపు చెయ్యడానికి రెండు వేళ్ళూ ఎత్తాడు. ఎన్ని అక్షరాలు కొట్టగలడు? ఫోన్‌లో తలుపు తెరుచుకున్న చప్పుడు. తర్వాత మాట్లాడిద్దామమ్మా అంటోంది నర్సు, గొంతు దూరమవుతూ.

ఆయన చూపు అడుగున ఎనిమిదో మీట మీద పడింది. తీసేసిన మీట. ఏడాది వెనక్కి వెళ్ళిన ల్యాప్‌టాప్‌లో అది తన చోట తను ఉంది. నొక్కాడు.

"ఆగండి!"

కిటికీ అద్దం అదిరింది. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సులను నిలబెట్టిన గొంతు. ఫోన్‌లో చక్రాల చప్పుడు ఠక్కున ఆగింది. అవతల ఎవరో ఒక మగమనిషి, ఏమైందన్నాడు కంగారుగా.  అంతలో ముసలి గొంతు నవ్వింది.

"ఆ... వాడే. మా వాడే. బస్సు ఆపాడు."

నర్సు ఫోన్‌ను మళ్ళీ ఆవిడ చెవి దగ్గర పెట్టినట్టుంది. ఊపిరి దగ్గరగా వినిపించింది. అనౌన్సరు గారు టైపు చేస్తున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు మీటల మీద పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు. లైబ్రరీ ఆవిడ ఆయన భుజం పట్టుకుని నిలబడింది. ల్యాప్‌టాప్ పలికింది, ఈసారి నెమ్మదిగా.

"అక్కా, నేను ఇక్కడే ఉన్నాను. నువ్వు బయటికి వచ్చేదాకా మైకు దగ్గరే కూర్చుంటా. వెళ్ళిరా."

"సరేరా చిన్నోడా. కూర్చో." ఆ తర్వాత ఆవిడ గొంతు పక్కకి తిరిగింది. "ఇంక పదండమ్మా."

చక్రాలు మళ్ళీ కదిలాయి.

లైబ్రరీ ఆవిడ ఫోన్ పెట్టేసింది. టీచరు మొద్దుబారిన బొటనవేలిని ఇంకో చేత్తో ఒత్తుకుంటూ కూర్చుంది. తను పద్దెనిమిదేళ్ళుగా భయంతో అంటున్న మాట. దాన్ని ఇంత గట్టిగా, ఇంత భయం లేకుండా అనొచ్చని ఆవిడకి అప్పటిదాకా తెలియదు.

అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? లేచి మరలు బిగించి, బజారుకి వెళ్ళి ఇంకో ఎక్స్‌టర్నల్ డ్రైవ్, కొత్త కేబుల్ తెచ్చి, రెండో నకలు తీయడానికి పెట్టింది. దీన్ని ఏ నంబర్లో పెట్టాలని లైబ్రరీ ఆవిడ భయంభయంగా అడిగింది. ఏ నంబరూ వద్దని, తన ఇంట్లో తన బీరువాలో పెట్టుకుంటానని చెప్పింది టీచరు. అనౌన్సరు గారు చెప్పినట్టే కుర్చీ కదలలేదు. ల్యాప్‌టాప్ తెరిచి ముందు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఏడింటికి మేనల్లుడు ఫోన్ చేశాడు. ఆపరేషన్ అయింది, బయటికి తెచ్చారు, నిద్రలో ఉంది. ఆయన అప్పుడు లేచి మంచినీళ్ళు తాగాడు.

టీచరు వాళ్ళింటి మెట్లు దిగుతుంటే సంచిలో ఫోన్ మోగింది. తమ్ముడు.

"ఏమైనా చెరిపావా ఇవాళ?"

ఎప్పటిలా నవ్వలేదు ఆవిడ. తన డిస్కే చెరిపానని చెప్పింది. ఎందుకని వాడు అడిగాడు. ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది.

"అవన్నీ తర్వాత చెప్తాను గానీ, ఫోన్ పెట్టెయ్యకు. నువ్వు మాట్లాడు. ఊరికే వింటాను."

"ఏం మాట్లాడమంటావే?"

"ఆ చెరువుల దగ్గర నువ్వు చూసిన పిట్టల గురించి చెప్పు. మొదటి రోజు నుంచి చెప్పు."

 ఫోన్ పెట్టేశాడేమో అనుకుంది. చాలాసేపటికి తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. మొదటి రోజు చలి బాగా ఉందని, చెరువు మీద పొగమంచులో ముందు ఏమీ కనపడలేదని, చప్పుడు మాత్రం వినపడిందని చెప్పడం మొదలుపెట్టాడు.